కరెంటు పోతె ఆగేటి రంపం

రేషన్ దుకాణంల కిరసనాయిలు వద్దన్న మనిషిని మా వాడకట్టుల నేనొక్కదాన్నే. డీలరు నా మొఖం దిక్కు చూసి, "ఏందవ్వా, జ్వరం గిట్ల వచ్చిందా?" అన్నడు. లైన్ల నిలవడ్డ ఆడోళ్లు నవ్విన్రు. నవ్వరా మరి? అరిగిపోయిన సబ్బు పొరను కొత్త సబ్బుకు అతికిచ్చి రుద్దుకునేదాన్ని. వంట కాంగనె పొయ్యిల కట్టెను బయటికి గుంజి, నీళ్లు జల్లి రేపటికి దాసేదాన్ని. అసుంటి నేను, హక్కుగ వచ్చేటి నూనె వద్దంటున్న.

"నా వంతు నూనె గీమెకు పొయ్యి," అని మా పక్కింటామెను చూపిచ్చిన. ఆమె తండాకెల్లి వచ్చి మా గోడ పక్కన కిరాయికుండె. కూలికి పోతది.

"రేపు పైసలు అడుగుతవా అవ్వా?" అన్నది ఆమె.

"అడగ. కని సీసా నీ ఇంట్లనే ఉండాలె. నా గడప తొక్కద్దు."

ఎందుకని ఆమె అడగలే. అడిగినా చెప్పకపోదును.

అప్పుడు తెలంగాణ కొట్లాట జోరుమీదున్నది. బస్సులు బంద్, బడులు బంద్, రైలు పట్టాలమీద వంటలు. వాటితోని నాకు భయం లేకుండె. నా భయమంత నా మనుమడు. నా కొడుకు భూపాలపల్లిల బొగ్గుబాయిల పనిచేస్తడు, కోడలు ఆడనే ఉంటది. పిలగాడు డిగ్రీ చదువుతనని నా కాడ ఉండె. మా ఊరిని బోర్డులమీద మహబూబాబాద్ అని రాస్తరు గని మాకు అది మానుకోటే. చుట్టుపక్కల ఊర్లకు పెద్ద కాలేజీ ఈడనే.

వానికొక దోస్తుండె, నర్సింహులపేట దిక్కు పిలగాడు. మా ఇంట్ల ఎన్నోసార్లు బువ్వ తిన్నడు. "అవ్వా, నీ తొక్కుల ఉప్పు గూడ పిసినారిదే," అని నా మొఖం మీదనే అన్న పిలగాడు. తెలంగాణ ఇగ రాదేమోనని వాడు ఒంటికి నిప్పు వెట్టుకొని పానం తీసుకున్నడు. వాని మట్టికి పోయొచ్చిన్నాటి సంది మావాడు మాట బంద్ చేసిండు. కంచంల అన్నం కెలికి లేస్తడు. గోడ దిక్కు తిరిగి పంటడు. ఒకనాడు నేను పప్పు రుబ్బుకుంట వింటున్న, "వానికి ధైర్యముండె," అన్నడు. ఎవలతోని అన్నడో తెల్వది, గోడతోనే కావచ్చు. నేను రుబ్బుడు ఆపి, గడప కాడికి పోయి తొంగి చూసిన.

ఆ రోజుల్ల ఎదిగిన పిలగాండ్లున్న ప్రతి ఇంట్ల ఆడోళ్లకు గిదే భయం. నీళ్ల కాడ కలిసినా ఎవ్వలం పైకి అనుకోకపోతుంటిమి. నోట్లకెల్లి మాట వెళ్తె తథాస్తు దేవతలు వింటరని.

నూనె పోతె పోయింది. కని మా ఇంటి ముందట కార్ఖానా ఉన్నది. మేం వడ్లోళ్లం, చెక్కపని చేసేటోళ్లం. మా ముసలాయన పోయినంక గూడ ఆయన సామాన్లు ఏడియి ఆడనే ఉండె. రందాలు, ఉలులు, ఒక మూలకు స్పిరిటు డబ్బా, థిన్నరు, లక్క కలిపిన పాలిషు. అన్నీ అగ్గికి చుట్టాలే. వాటిని గోనెసంచిల వేసి, బజార్ల పాలిషు పనిచేసేటాయన దుకాణంల ఇచ్చొచ్చిన. ఆయన మా ముసలాయనను అన్నా అంటుండె, నాకు మరిది లెక్క.

"మావాడు వచ్చి అడిగినా ఇయ్యకు," అన్న.

ఆయన నా దిక్కు చూసి తల ఊపిండు. ఆయనకూ కొడుకులున్నరు.

ఇగ పిలగాన్ని కార్ఖానల రంపం మిషిన్ మీద కూసోవెట్టిన. చేతులు ఖాళీగుంటె మనసు ఎటు పోతదో చెప్పరాదు.

ఆ మిషిను పెద్దదేం కాదు. నడుమ ఒక చిన్న బల్ల, బల్లకు ఒక బొక్క. దారమంత సన్న రంపం ఆ బొక్కలకెల్లి కిందికి మీదికి ఆడుతది. చెక్కను బల్లమీద పెట్టి తిప్పుకుంట పోతె, గీత ఎట్లుంటె అట్ల కోస్తది. దర్వాజలకు జాలీలు, దేవునర్రకు తోరణాలు, తొట్టెలకు చిలకలు, అన్నీ ముసలాయన దానిమీదనే కోసిండు. నేను పక్కన కూసోని నమూనా కాయితం అంటువెడుతుంటి, బొక్కలు కొడుతుంటి, గరుకు కాయితంతోని రుద్దుతుంటి. ఆయనకు పానం బాగలేనప్పుడు కోసుడు గూడ నేర్చుకున్న. జనగామల మా నాయిన నన్ను మూడో తరగతి కాడనే బడి మాన్పిచ్చిండు. చేతికి వచ్చిన సదువంటె నాకు గిదే.

"రంపం పండ్లు కిందికి చూడాలె," అని చెప్పిన వానికి. "మీదికి పెడితె చెక్క ఎగిరి మొఖానికి వస్తది."

"ఊఁ."

"బిగిచ్చినంక వేలుతోని మీటు. టింగుమనాలె."

మీటిండు. ఏదో మొద్దు చప్పుడు వచ్చింది.

"వదులున్నది. మల్ల బిగియ్యి."

జాలీల కష్టమంత లోపలి సందులే. ముందుగాల్ల సందుల ఒక బొక్క కొట్టాలె. రంపాన్ని మీది దిక్కు ఇప్పి, బొక్కలకెల్లి ఎక్కిచ్చి, మల్ల బిగిచ్చి, అప్పుడు కోయాలె. అది అయినంక మల్ల ఇప్పాలె, మల్ల ఇంకో బొక్క. బయటి అంచు అన్నిటికన్న ఆఖరుకు. అది ముందే కోస్తె పట్టుకునేతందుకు చెక్క మిగలది.

వాడు మొదట్ల చెక్కను తోసిండు. రంపం టప్పున తెగింది. నేను గట్టిగనే అన్న, "నెట్టకురా! అది ఎంత తింటె అంతే పెట్టు. పసిపిలగానికి బువ్వ తినిపిచ్చినట్టు. మూల కాడ ఆగకు, చెక్కను తిప్పు. రంపం తిరగది, చెక్కనే తిరగాలె."

శానసేపటికి వాడు తల లేపకుంటనే, "అవ్వా, నీ కన్న మిషిన్ నయం. అది నడుమ నడుమ ఊకుంటది," అన్నడు.

దోస్తు పోయినంక వాడు నన్ను ఎక్కిరిచ్చుడు గదే మొదలు. నేను లోపలికి పోయి కొంగుతోని మొఖం తుడుసుకున్న.

నర్సింహులపేట కాడ కొత్త ఇల్లు కట్టుకునేటి ఒక రైతు ఇంటోళ్లు దేవునర్ర తలుపుకు జాలీ అడిగిన్రు. రెండు నెమళ్లు, నడుమ తీగ. నమూనా నేనే గీసిన. తీగకు వాళ్లు చెప్పినదానికన్న ఎక్కువ ఆకులు పెట్టిన. ఎన్ని ఆకులుంటె అన్ని సందులు, అంతసేపు వాడు కార్ఖానల. కాయితాన్ని గంజితోని అంటువెట్టిన. గమ్ముకు పైసలు పెట్టుడెందుకు? చీమలు పట్టినయ్. వాడు ఊదుకుంట కోసిండు.

ఇంట్ల నేను ఏ పనిచేసినా చెవి మాత్రం కార్ఖానలనే. చెక్క తినేటప్పటి చప్పుడు వేరు, ఉత్తగ ఆడేటి చప్పుడు వేరు. రెండూ నాకు ధైర్యమే. చప్పుడు లేకపోవుడే భయం. అసలు బాధ కరెంటుతోని వచ్చింది. బొగ్గుబాయిలల్ల సమ్మె, చెల్పూరు అసుంటి కాడ కరెంటు తయారుజేసుడే కష్టమైంది. ఎప్పుడు పోతదో, ఎప్పుడు వస్తదో. ఫోన్‌ల నా కొడుకును అడిగిన, "ఎన్నడు దిగుతర్రా బాయిల?"

"రాష్ట్రం ఇచ్చినంక దిగుతం," అన్నడు నవ్వుకుంట. "బొగ్గు తియ్యకపోతెనే గదమ్మా ఢిల్లీకి తెలిసేది. ఏం, ఫ్యాన్ లేక ఉక్కపోస్తుందా?"

"ఆఁ, ఉక్కనే," అన్న. నువ్వు సమ్మె చేసినప్పుడల్ల నీ కొడుకు కాడ మిషిను ఆగుతుందిరా అని ఎట్ల చెప్పాలె? అటు నా కొడుకు కొట్లాట తప్పు కాదు. ఇటు నా భయమూ తప్పు కాదు.

కరెంటు పోంగనె ఏదో వంక పెట్టుకొని కార్ఖానకు ఉరుకుదును. ఎక్కువసార్లు చాయ్ గిలాస.

"ఎన్ని చాయ్‌లు పోస్తవవ్వా? చక్కెర నీ ఇంటికి పుక్యానికి వస్తుందా?"

"తాగి గిలాస ఇయ్యి. మాటలెందుకు?"

వాడు తాగేదాక గడపమీదనే కూసునేదాన్ని.

ఒకనాడు పొద్దున నేను కూర తరుగుతున్న. పక్కింట్ల టీవీల పాటలొస్తున్నయ్. అంటె కరెంటున్నది. కార్ఖానల మాత్రం చప్పుడు లేదు. కత్తిపీట ఆడనే వదిలి పోయిన. వాడు లేడు. నెమలి జాలీ బల్లమీదున్నది. ఒక ఆకు సగం కోసి ఉన్నది, రంపం ఇంకా దాంట్లనే బిగిచ్చి ఉన్నది. కోత నడుమల చెక్కల రంపం వదిలి లేసుడు మా ఇంట లేదు. ముసలాయన చుట్టాలొచ్చినా రంపం ఇప్పినంకనే లేసేది. మల్ల దీని మొఖం చూడనన్నోడే గిట్ల వదిలిపోతడు అనిపిచ్చింది నాకు.

బయటికి వచ్చి పక్కింటామెను పిలిచిన.

"ఇప్పుడే పోయిండవ్వా. చేతిల డబ్బా ఉన్నది. పిలిస్తె పలకలే."

"ఏం డబ్బా?"

"తెల్ల ప్లాస్టిక్‌ది."

"నీ ఇంట్ల నూనె సీసా చూడు. జల్ది చూడు!"

ఆమె లోపలికి పోయి సీసా పట్కొని వచ్చింది. నిండుగనే ఉన్నది. అప్పుడు ఆమెకు సమజైంది. ఎన్నడూ నన్ను ముట్టుకోని మనిషి, నా చెయ్యి గట్టిగ పట్టింది. "పో అవ్వా. నేను ఇటు సందుల చూస్త," అన్నది.

చెప్పులు గూడ వేసుకోలే. స్టేషన్ రోడ్డుల టెంటు వేసుకొని దీక్షల కూసున్నరు, డప్పు మోగుతుంది, పిలగాండ్లు ఎగురుతున్నరు. ప్రతి వీపూ మావాని వీపే అనిపిచ్చింది. ఒకన్ని అంగీ పట్టి గుంజిన. వాడు తిరిగి, "ఏందవ్వా?" అన్నడు. వేరే అవ్వ మనుమడు.

పాలిషు దుకాణం కాడ మరిది నన్ను చూడంగనె లేచిండు. "వచ్చిండు వదినె. స్పిరిటు అడిగిండు. లేదన్న. మూలకు డబ్బా కనవడుతనే ఉండె, అబద్ధమెందుకు తాతా అన్నడు. ఇగ చెప్పిన, మీ అవ్వనే ఇయ్యద్దన్నదని."

"ఇచ్చినవా?"

"ఇస్తనా? ఉత్త డబ్బా పట్కొని గూడ్స్ షెడ్డు దిక్కు పోయిండు."

గూడ్స్ షెడ్డు అంటె పట్టాలు. రైళ్లు బంద్ ఉన్నయని తెలుసు. అయినా ఉరికిన.

వాడు పాత చెక్క స్లీపర్ల కుప్పమీద కూసున్నడు, డబ్బా కాళ్ల కాడ. నేను పోయి మొదలు ఆ డబ్బా అందుకొని, మూత తీసి ముక్కు కాడ పెట్టుకున్న. ఎండిపోయి ఉన్నది.

"వాసన చూస్తున్నవా?" అన్నడు.

"ఆఁ."

"జాలీ అడిగిన నర్సింహులపేటోళ్లు ఫోన్ చేసిన్రు. నువ్వు పాలిషు వెయ్యనన్నవట. పాలిషు లేని జాలీ మాకెందుకు, మీ అవ్వకు పైసల మీద అంత ఆశ ఏందని తిట్టిన్రు. పాలిషు కలిపేతందుకు స్పిరిటుకు పోయిన. నేను గూడ గట్లనే అనుకున్న ఇన్నొద్దులు, పిసినారితనమని." కొంచెం ఆగి, "నేను గూడ సచ్చిపోతననుకున్నవ్ గదా?" అన్నడు.

వాని వీపుమీద ఒక్కటి వేసిన. "ఆ మాట అనకు! అనకురా!"

దెబ్బ గట్టిగనే తగిలింది. వాడు కదలలే.

"రంపాన్ని చెక్కల్నే వదిలి లేసినవ్," అన్న. "గట్ల ఎవడు లేస్తడు?"

"మల్ల వచ్చి కోస్త గదా అని ఇప్పలే," అన్నడు.

వాని పక్కనే స్లీపర్లమీద కూసున్న.

తర్వాత వాడు పట్టాల దిక్కు చూసుకుంటనే అన్నడు, "అనుకున్న అవ్వా. మొదట్ల అనుకున్న. మిషిన్ నడుస్తుంటె ఏం యాదికి రాదు, గీత దిక్కే చూడాలె గదా. కరెంటు పోంగనె వాడే కనవడుతడు. నువ్వు చాయ్ పట్కొని ఉరుకొస్తవ్ గదా, దాని కోసమే చూస్తుంట."

"లే, ఇంటికి పోదాం," అన్న. దారిపొడుగూత డబ్బా నా చేతిలనే ఉంచుకున్న.

చాయ్‌తోని ఎన్నొద్దులు ఆపుత? తెల్లారి నా కాలు కుట్టుమిషిన్ బయటికి గుంజిచ్చిన. మా నాయిన కొనిచ్చింది, నా చేతులతోని ఇంటిల్లిపాది బట్టలు కుట్టింది. మీది తలకాయ ఇప్పిచ్చి పక్కన పెట్టిన. వెల్డింగ్ చేసేటాయనను పిలిచి, రంపం మిషినుకు మోటరు తీపిచ్చి, దాన్ని ఆ స్టాండుమీద బిగిపిచ్చిన. కింద పెద్ద చక్రానికెల్లి తోలు పట్టా పోయి రంపాన్ని ఆడిస్తది. ఇగ కరెంటుతోని పనిలేదు, కాలుంటె సాలు. "గింత మంచి కుట్టుమిషిన్ పాడుచేసుకుంటవా అవ్వా?" అన్నడాయన. "నీ పని నువ్వు చెయ్యి," అన్న.

మోటరంత జోరు రాదు. ఒక్క తీరుగ తొక్కాలె, లేకపోతె చక్రం ఉల్టా తిరిగి రంపం చెక్కను పట్టేస్తది. వాడు రెండొద్దులల్ల నేర్చుకున్నడు. కాళ్లు గుంజుతున్నయంటె నేను తొక్కుతుంటి, వాడు చెక్క తిప్పుతుండె. పాలిషు బదులు కొబ్బరినూనెల తేనెమైనం కరిగిచ్చి రుద్దుదామని వానితోని చెప్పిన. "వాళ్లు తిడితె?" అన్నడు. "తిట్టనియ్యి. తలుపు పట్కొని పోయేది వాళ్లే," అన్న.

జాలీ ఇంక కొంత ఉండంగ, ఒకనాడు పొద్దుగాల మైకు పెట్టుకొని ఒక ఆటో మా సందులకు వచ్చింది. రేపు బంద్ అని చెప్పుకుంట పోయింది. ఎందుకు బందో గూడ చెప్పిన్రు. ఇంకో పిలగాడు. వాని ఊరు చెప్పిన్రు, చదువు చెప్పిన్రు.

మావాని కాళ్లు తొక్కుడు ఆగినయ్. చక్రం ఇంత తిరిగి నిలవడ్డది. రంపం చెక్కలనే ఉన్నది. వాని చేతులు చెక్కమీదనే ఉన్నయ్ గని వాడు మాత్రం ఆడ లేడు. ఆటో మూల తిరిగేదాక మైకు వినవడ్డది.

ముక్కాలిపీట గుంజి వాని పక్కకు వేసుకొని, నా కాలు వాని కాలు పక్కన పెట్టి తొక్కిన. చక్రం కదిలింది. రంపం ఆడింది. వాడు కొంచెంసేపు ఉత్తగనే చూసి, చెక్కను మెల్లగ గీత మీదికి తెచ్చిండు.

"జోరు జోరు తొక్కుతున్నవవ్వా. నేను తిప్పలేకపోతున్న."

"అయితె నువ్వే తొక్కు."

వాడు తొక్కిండు. నేను నా కాలు తియ్యలే.