పెట్టె కింద నాలుగు రబ్బరు ముక్కలు

మా మామగారు పోయారు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున మంచం మీదే కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి గోడకు ఆనుకున్నారు. అంతే. మా ఊరు బాగలూరులో ఆయన్ను ఎరిగినవాళ్లు ఆయన పూలతోట గురించి చెబుతారు. నేను ఆయన చేతుల గురించి చెబుతాను.

పెళ్లయిన కొత్తలో పుట్టింటి నుంచి రికార్డు ప్లేయరు తెచ్చుకున్నాను. నాకది ప్రాణం. ఈ ఇంట్లో నేలంతా బండపరుపు. అత్తగారు రోట్లో వడ్లు దంచుతుంటే ఒక్కో పోటుకీ సూది ఎగిరిపడేది. రికార్డుల నిండా గీతలు.

"పాటైనా ఉండల్ల, కూడైనా ఉండల్ల. రెండూ ఈడ కుదరవమ్మా. దాన్ని అటకెక్కించు," అన్నారు అత్తగారు. ఆమె మాటలో అన్యాయం లేదు. అందుకే మరీ ఏడుపొచ్చింది.

నేనే తెలివి చూపించాను. చలికి వణికేవాడికి కప్పినట్టు ప్లేయరు పెట్టె లోపలంతా పాత కంబళి ముక్కలు కూరాను. సూది ఎగరడం ఆగలేదు గానీ, పాట మాత్రం నోట్లో గుడ్డ కుక్కినట్టు మూలిగింది. కాసేపటికి కమురు వాసన. మామగారు పరుగున వచ్చి ప్లగ్గు పీకారు. తిడతారనుకున్నాను.

"లోపల వాల్వులు కాగుతాయి గదమ్మా, గాలి ఆడద్దా?" అంటూ ముక్కలన్నీ బయటికి లాగారు. "పాడే పెట్టెను ఊరకుండమంటే ఎట్లా? వణుకు యాడ నుంచి వస్తుందో ఆడ అడ్డం పెట్టల్ల."

అత్తగారిని దంచమని, నన్ను అరచెయ్యి నేల మీద, తర్వాత పెట్టె ఉన్న బల్ల కాలి మీద పెట్టి చూడమన్నారు. దెబ్బ నేల నుంచి బల్లకు ఎక్కడం నా చేతికే తెలిసింది. సైకిల్ ట్యూబు కోసి, మడిచి, బల్ల మీద నాలుగు మూలలా పెట్టారు. వాటి మీద బర్గూరు నుంచి తెచ్చిన రాతిపలక, దాని మీద పెట్టె. ఇంకొన్ని ముక్కలు వాటి మీద పేరుద్దామన్నాను.

"నాలుగు చాలు. ఎక్కువైతే పెట్టె ఊయలూగుతుంది."

అత్తగారు దంచారు. సూది కదల్లేదు.

ఏటా ఎండాకాలం పోగానే ఆ ముక్కలు గోరుతో నొక్కి చూసేవారు. "రబ్బరు ముసలిదైపోయె. ఇంక రాయికీ దీనికీ తేడా లేదు," అని మార్చేసేవారు. ఎవరింట్లో రేడియో గరగరలాడినా ముందు చెయ్యి పెట్టి చూసేవారు, తర్వాతే నోరు విప్పేవారు. మనుషుల తగవుల్లోనూ అంతే. నేను ఈ ఇంట్లో నిలదొక్కుకున్నది ఆ నాలుగు ముక్కల మీదే అని ఒట్టేసి చెప్పగలను.

ఈ యేడు మంచాన పడి ఆయన వాటిని మార్చలేదు. కర్మలన్నీ అయ్యాక నిన్న పాట పెట్టాను. అత్తగారు దంచుతున్నారు. సూది ఎగిరింది. నేను పాట ఆపేశాను, ఆమె రోకలి ఆపారు. పంచలోకి వెళ్లి, మామగారి సైకిల్ ముందు చక్రంలోంచి ట్యూబు లాగి తెచ్చి నా ఒళ్లో వేశారు.

"ఆయప్పే పోయినాడు, ఇంక సైకిల్ యాడికి పోతుంది? కత్తిరించమ్మా."

నాలుగే ముక్కలు కోసి, మడిచి, పలక కింద పాతవాటి చోట పెట్టి పాట మళ్లీ పెట్టాను. అత్తగారు మళ్లీ రోకలి ఎత్తారు. పాట చివరిదాకా సాగింది. పంచలో ఆయన సైకిల్ ముందు చక్రం గాలి లేకుండా నేలకు అతుక్కుని ఉంది.