గులాబీల దాకా గంపలో

ఇంగ్లండు పల్లెలో పాతకాలపు జమీందారీ మేడ ఒకటి చూడటానికి మా బావమరిదితో కలిసి వెళ్లాను. దాని మెట్లూ పైకప్పూ నేను వర్ణిస్తే మీరెలాగూ నమ్మరు కాబట్టి తోటవైపు గుమ్మం సంగతే చెబుతాను. రాతి ద్వారబంధం, బాగా ఇరుకు. దాని ముందు చక్రాల కుర్చీలో ఇంటి పెద్దాయన కూర్చుని, బయట పూసిన గులాబీలను చూస్తున్నాడు. ఆ గుమ్మంలో కుర్చీ పట్టదు.

“కాస్త వెడల్పు చేయించకూడదాండీ? మా భీమవరంలో సిద్ధాంతిగారు ఊఁ అంటే సాయంత్రానికల్లా సింహద్వారం దిక్కే మారిపోతుంది,” అన్నాను.

“ఇది రక్షిత కట్టడం. ఇల్లు మాదే అయినా రాయి కదపడానికి అనుమతి కావాలి. అది వచ్చేలోగా పూలు రాలిపోతాయి,” అంది ఆయన భార్య.

నాకు పంతం వచ్చింది. పొయ్యి పక్కన పెద్ద కట్టెల గంప కనబడింది.

“మా వైపు పెళ్లికూతుర్ని మేనమామ గంపలో మోసుకొస్తాడండి. ఏ గుమ్మమూ ఆపలేదు,” అన్నాను.

పెద్దాయన కళ్లు మెరిశాయి. కట్టెలు తీసేసి, దిండు వేసి, ఆయన్ని కూర్చోబెట్టి ఎత్తాం.

“బావగారూ, నడుం పట్టేసిందండీ!”

“మా అమ్మాయిని మోసినప్పుడు పట్టలేదేంట్రా? నడువు!”

రాతికి గీత పడకుండా దాటించి, గులాబీల మధ్య దించాం. పెద్దాయన ఒక పువ్వు వాసన చూసి, “ఇంతకీ నన్నెవరికిచ్చి చేస్తున్నారు?” అని అడిగాడు.

ఆవిడ గంప పక్కనే గడ్డిలో చతికిలబడి, “ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను, సర్దుకోండి,” అంది.