సీజరు బదిలీ ఫైలు

పదవీ విరమణ చేసిన సూపరింటెండెంటు సాల్మన్ గారి గురించి ముఖ్యంగా తెలుసుకోవలసినది ఒక్కటే. కాగితం మీద లేని విషయాన్ని ఆయన నమ్మరు. వర్షం కురుస్తున్నదని ఎవరైనా చెబితే కిటికీ వైపు చూడరు. "రిపోర్టు ఎవరిచ్చారు?" అని అడుగుతారు. ఏలూరులో ఒకే కార్యాలయంలో ముప్ఫై ఒక్క సంవత్సరాలపాటు ఆయన చిత్తుప్రతులు రాశారు, నేను వాటిని శుద్ధప్రతులుగా దించాను. ఇద్దరమూ రిటైరై ఆరేళ్లు దాటినా ఆ ఏర్పాటు కొనసాగుతూనే ఉంది. కార్యాలయం మాత్రం పవర్‌పేటలోని ఆయన ఇంటి ముందు గదిలోకి మారింది.

ఆ ఇంట్లో కాఫీలో చక్కెర తగ్గితే వంటగదికి మెమో వెళుతుంది. "పై విషయమై ఇదివరలో రెండు పర్యాయములు తెలియజేసినప్పటికీ ఎట్టి చర్యయు గైకొనకపోవుట విచారకరము" అని ఉంటుంది. ఆయన భార్య దేవకుమారి గారు ఆ కాగితం వెనుకనే "షుగరు పరీక్ష రిపోర్టు జతపరచనందున తిప్పి పంపడమైనది" అని రాసి పంపుతారు. నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ కూడా పని నేర్చుకున్నారు.

ఇటువంటి ఇంటికి ఆయన కుమారుడు మధుబాబు ఒక కుక్కను కొని తెచ్చాడు. ఎదురింటివారికి కుక్క ఉండటం తప్ప అందుకు వేరే కారణం ఏదీ నాకు కనిపించలేదు. తాడేపల్లిగూడెంలో అమ్మినవాడు అది లాబ్రడారనీ, ఇంటికి కాపలా అనీ, మనిషికి పరువు అనీ చెప్పాడట. దానికి ఎనిమిది నెలలు. పేరు సీజరు. రంగు లేత గోధుమ. లోపం ఒక్కటే, ప్రేమ.

ఎవరు గుమ్మంలో అడుగుపెట్టినా రెండు ముంగాళ్లూ వారి భుజాల మీద వేసి ముఖమంతా నాకనిదే దానికి మనశ్శాంతి ఉండదు. దొంగ వచ్చినా అంతకంటే హాని తలపెట్టదు. ప్రార్థన జరిపించడానికి వచ్చిన పాస్టరు గారిని అది ఎంత ఆప్యాయంగా ఆహ్వానించిందంటే, ఆయన ఆశీర్వాదం వీధిలోనే ముగించి వెళ్లిపోయారు. అంతవరకూ ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు. కాని అంతకు ముందు సంవత్సరమే దేవకుమారి గారికి మోకాలి ఆపరేషను జరిగింది. సీజరు ఒకనాడు ఆవిడ మీదికి కూడా ప్రేమగా ఎగిరింది. వెనుక సోఫా ఉండబట్టి సరిపోయింది.

"నాకు దాని మీద కోపం లేదండీ," అన్నారు ఆవిడ. "భయం. ఇంకోసారి పడితే లేవలేను."

మధుబాబు తాడేపల్లిగూడేనికి ఫోను చేశాడు.

"వెనక్కి తీసుకోవడానికి కుక్కంటే మిక్సీ కాదండీ," అన్నాడు అమ్మినవాడు. "పైగా మీ ఇంటి అలవాట్లన్నీ పట్టేసుంటాయి దానికి. ఇంకెవరు కొంటారు?"

"మా ఇంటి అలవాట్లంటే ఏంటంట?" అని కోడలు ఏంజెల్ అడిగింది. సాల్మన్ గారు అప్పటికే మార్జిను గీస్తున్నారు.

మధుబాబు ఆలోచన సులభమైనది. "ఆదివారం కారులో ఎక్కించుకెళ్లి కొల్లేరు వైపు వదిలేసి వస్తాను నాన్నగారూ. అన్నీ చేపల చెరువులే. హాయిగా బతుకుతుంది."

"చేపలు పట్టడం వచ్చా దానికి?"

"నేర్చుకుంటుంది లెండి."

"ఉత్తర్వు ఏది?"

"దేనికండీ ఉత్తర్వు? కుక్కేగా."

"ఉద్యోగంలో చేర్చుకున్నవారిని విచారణ లేకుండా తొలగించకూడదు," అన్నారు సాల్మన్ గారు. "పిటిషను పెట్టు. పరిశీలిస్తాను."

మధుబాబు నవ్వి, తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసిచ్చాడు. మూడు రోజుల తరువాత అది ఆక్షేపణలతో తిరిగి వచ్చింది. మార్జిను లేదు. కుక్క తండ్రి పేరు నింపలేదు. రెండవసారి రాస్తే తేదీ లేదన్నారు. మూడవసారి అన్నీ సరిగా ఉన్నాయి గాని, మొదటి రెండు పిటిషన్లు ఎందుకు రద్దయినవో వివరణ జతపరచలేదన్నారు. ఈ విధంగా రెండు ఆదివారాలు గడిచిపోయాయి.

పిటిషను స్వీకరించాక సీజరును సస్పెన్షనులో ఉంచారు. అనగా పెరటి వరండాలో గ్రిల్లు తలుపు వెనుక పెట్టారు. దేవకుమారి గారు ఇంట్లో నిర్భయంగా తిరగసాగారు.

"సస్పెన్షనులో ఉన్నవాళ్లకి సగం జీతమే కదండీ మావయ్యగారూ," అంది ఏంజెల్, గిన్నె నిండా ఆయన పెడుతున్న పెరుగన్నం చూసి.

"జీతం సగమే. భోజనం గురించి రూలులో లేదు," అన్నారాయన.

తరువాత సీజరుకు సంజాయిషీ నోటీసు జారీ అయింది. పదిహేను రోజుల గడువు. నోటీసు ముట్టినట్లు సంతకం కావాలి గనుక దాని కుడి ముంగాలిని ఊదా రంగు స్టాంపు ప్యాడు మీద అద్దించి కాగితం మీద వేయించారు. ఆ కాలును తుడవాలని మాకిద్దరికీ తోచలేదు. ముప్ఫై ఒక్క సంవత్సరాలలో మేము వేలిముద్రలు ఎన్నో వేయించాం గాని, వేసినవారు తరువాత ఎక్కడ తుడుచుకుంటారో ఏనాడూ ఆలోచించలేదు. సీజరు తీగ మీద ఆరేసిన దుప్పట్లను ఎంచుకుంది.

గడువు ముగిసింది. సీజరు నుంచి జవాబు రాలేదు. మెతకగా ఒక రిమైండరు, గట్టిగా మరొకటి పంపారు. ఆ పైన నన్ను విచారణాధికారిగా నియమించారు. మొదటి సాక్షి ఏంజెల్.

"సదరు సీజరు మీ చున్నీ కొరికినప్పుడు మీరెక్కడ ఉన్నారమ్మా?" అని అడిగాను.

"వంటింట్లో ఉన్నానండి సుబ్బయ్యగారూ."

"అయితే కొరకడం చూడలేదు."

"చున్నీ దాని నోట్లోనే ఉంది కదండీ."

"నోట్లో ఉండటం వేరు, కొరకడం వేరు," అన్నారు సాల్మన్ గారు పక్కనుంచి. "రాసుకోండి సుబ్బయ్యగారూ. సందేహ లాభం."

మధుబాబు సహనం అక్కడితో నశించింది. "విన్నది చాలండీ. ఈ ఆదివారం నేను తీసుకెళ్లిపోతున్నాను. ఉత్తర్వు ఉన్నా లేకపోయినా సరే. అమ్మ పెరట్లోకి వెళ్లి బట్టలు ఆరేసుకుని రెండు నెలలైంది."

ఆ మాట నిజం. సాల్మన్ గారు తలవంచుకొని, "శనివారానికి తుది ఉత్తర్వు ఇస్తాను," అన్నారు. ఆయన గొంతులో ఆ బెరుకు నేను సర్వీసులో ఎన్నడూ వినలేదు.

ఆ వారమంతా ఆయన ఇంట్లో లేరు. పొద్దున్నే బస్టాండుకు వెళ్లడం, దీపాలు పెట్టే వేళకు దుమ్ము కొట్టుకొని రావడం. అడిగితే పెన్షను పని అన్నారు. నిజానికి అంతకు ముందు కూడా నెలన్నరగా వారానికి మూడు రోజులు ఆ పెన్షను పని జరుగుతూనే ఉంది. పెన్షను పని సంవత్సరాల తరబడి సాగుతుందని అందరికీ తెలుసు గనుక ఎవరూ అనుమానించలేదు.

శనివారం ఉదయం శుద్ధప్రతి కోసం ఫైలు నా చేతికి ఇచ్చారు. పిటిషన్లు, నోటీసు, రిమైండర్లు, నా విచారణ నివేదిక అన్నీ ఉన్నాయి. వాటి కింద నేను ఎన్నడూ చూడని పద్నాలుగు కాగితాలు ఉన్నాయి. అన్నీ తనిఖీ నోట్లే.

"పెంటపాడు. ఇల్లు విశాలము. గొలుసు పొట్టిది. తిరస్కరించడమైనది."

"అత్తిలి. ఇంటివారికి కుక్కకు అన్నము పెట్టుటకంటె దానితో ఫొటో దిగుటయందు ఆసక్తి అధికము. తిరస్కరించడమైనది."

"తాడేపల్లిగూడెం. ఊరికి వెళ్లునపుడు కుక్కను ఎవరు చూచెదరని అడుగగా, దేవుడు చూచునని చెప్పిరి. దేవుని అంగీకార పత్రము జతపరచలేదు. తిరస్కరించడమైనది."

పద్నాలుగవ కాగితం ఇలా ఉంది. "ముదినేపల్లి మండలము. కొల్లేరు వైపు చేపల చెరువు గట్టుపై మకాము. కాపురస్థులు వెంకట్రాజు, భార్య సువర్ణ. ఇదివరకే ఒక ముసలి కుక్క కలదు. దానికి రెండు కళ్లు కనిపించవు. దానివలన ఎవరికిని ఉపయోగము లేదు. అయినను సువర్ణ గారు తాము తినుటకు ముందు దానికి ముద్దలు చేసి నోటికి అందించుచున్నారు. ముందుగా తెలుపకుండ మూడు పర్యాయములు వెళ్లి చూచితిని. మూడు పర్యాయములును అంతే. ఆమోదించడమైనది."

నేను కళ్లజోడు తుడుచుకొని మళ్లీ మొదటినుంచి చదివాను. ఆక్షేపణలు, గడువులు, రిమైండర్లు అన్నీ ఈ పద్నాలుగు కాగితాలకు వ్యవధి సంపాదించడానికే. మా కార్యాలయంలో మేము ఎన్నో ఫైళ్లను ఆలస్యం చేశాం. ఆలస్యం వల్ల ఒక ప్రాణికి మేలు జరగడం నేను చూసింది మాత్రం ఇదొక్కసారే.

ఆదివారం మధుబాబు కారు నడిపితే సాల్మన్ గారూ నేనూ వెంట వెళ్లాం. ఫైలు అతను కూడా చదివాడు. ముదినేపల్లి దాటాక బండి ఆపి, ఒక బిస్కెట్ ప్యాకెట్టు కొని వెనుక సీటులో ఉన్న సీజరు ముందు పెట్టాడు.

చెరువు గట్టు మీద వెంకట్రాజు గారు బదిలీ ఉత్తర్వును రెండు వైపులా తిప్పి చూశారు. సీజరు అప్పటికే ఆయన భుజాల మీద కాళ్లు వేసి నాకుతున్నందున చదవడం కొంత ఆలస్యమైంది.

"మా చెరువు లీజు కాగితంలో కూడా ఇన్ని షరతులు లేవండీ అయ్యగారూ," అన్నారు వెంకట్రాజు గారు ముఖం తుడుచుకుంటూ. "పదకొండోది ఏంటండీ?"

"సరిపడకపోతే బయట వదిలేయకూడదు. నాకు ఫోను చేయాలి. నేనే వచ్చి తీసుకెళతాను."

"చెరువుకి లేని షరతు కుక్కకెందుకండీ?"

"చెరువుని ఎవరూ రోడ్డు మీద వదిలేసి పోరు కదండీ," అన్నారు సాల్మన్ గారు.

సువర్ణ గారు నవ్వి, సంతకం తానే చేశారు.

తిరుగు ప్రయాణంలో నేను ఫైలు కట్ట మీద "ముగిసినది" అని రాయడానికి కలం తీశాను. సాల్మన్ గారు నా చెయ్యి పట్టుకున్నారు.

"పెండింగు అని వేయండి సుబ్బయ్యగారూ."

"అన్నీ పూర్తయ్యాయి కదండీ. పెండింగు ఏముంది ఇంకా?"

"నెలకోసారి తనిఖీకి వెళ్లాలి," అన్నారాయన కిటికీలోంచి చెరువుల వైపు చూస్తూ. "ఫైలు మూసేస్తే ఏ అధికారంతో వెళతాను?"

ముందు సీటులోంచి మధుబాబు, "డ్రైవరు పేరు కూడా రాయండి బాబాయిగారూ," అన్నాడు.

రాశాను.