గరిడేపల్లి తలుపు మీద నాటకం చివరి పేజీ

సూర్యాపేటలో టింబర్ డిపో నడిపే హంసక్క నా పాత స్నేహితురాలు. ఇంట్లో మాట్లాడేది గుజరాతీ, బజార్లో పోట్లాడేది తెలుగు. వాళ్ల నాన్న మిర్యాలగూడ డిపోలో నలభై ఏళ్లు దుంగలు కొలుస్తూనే గుజరాతీలో కవితలూ నాటకాలూ రాశారు. కచ్ నుంచి వచ్చిన ఓ వ్యాపారి, ఇవాళో రేపో సొంతూరు వెళ్లిపోతానంటూ కట్టెపెట్టె సర్దుకుని ముప్పై ఏళ్లు గడపడమే ఆయన పెద్ద నాటకంలో కథ. హంసక్క చదివి అర్థం చెబుతుంటే దాన్ని నేను తెలుగు చేస్తున్నాను. తీరా చూస్తే చివరి పేజీ చెదలపాలు! ఏటా నవరాత్రుల్లో ఆ నాటకం వేసేవాళ్లు ఆ పేజీ లేక వ్యాపారిని రైలెక్కించి ముగించేస్తారట. "మా నాయిన గూడ గట్లనే పోవాలనుకున్నడేమో, మా కోసం ఆగి లోపల్లోపల కుమిలిండేమో" అని ఆయన పోయినప్పటి నుంచీ హంసక్క దిగులు. కాగితం అందకపోతే నీలం పెన్సిల్‌తో చెక్కల మీదే రాసేవారనీ, ఆ ముగింపు కూడా ముందు ఓ టేకు పలక మీద రాశారనీ ఆమెకు గుర్తు. ఆ పలక కోసమే బయలుదేరాం.

హైదరాబాద్‌లో ఆరింటికి బస్సెక్కితే తొమ్మిదికి సూర్యాపేట. హంసక్క ఇంట్లో మెంతికూర తేప్లాలు, అంటే గుజరాతీ రొట్టెలు, ఆవకాయతో లాగించి, రోజంతటికీ రెండున్నర వేలకు కారు మాట్లాడుకున్నాం. మిర్యాలగూడకు గంట దారి. రైస్ మిల్లుల ముందు లారీల వరుసలో ఇంకో అరగంట ఇరుక్కున్నాం, నా ఓపిక అక్కడే సగం అయిపోయింది. పాత డిపో వెనక వీధిలో, అప్పట్లో వాళ్ల నాన్న దగ్గర కలప కొన్న వడ్రంగి వీరాచారి ఇప్పటికీ కిటికీలు చేస్తున్నాడు.

"యాదికుంది బిడ్డా" అన్నాడు. "సేటు రాసిండంటే కొలతనే అనుకున్న. చిత్రిక పడితే కొలత పోతదని గా దిక్కు ముట్టుకోలే. ఎంత సూసినా గా కొలత సమజ్ కాలే. ఇగ రాత లోపలి దిక్కు పెట్టి గరిడేపల్లి లక్ష్మమ్మోళ్ల తలుపుకు బిగించిన."

నేరేడుచర్ల మీదుగా గరిడేపల్లి చేరేసరికి ఒంటిగంట. దారిలో డ్రైవర్, "గప్పటి తలుపా? అందరు రంగులేసిన్రు అక్కా, ఆశ పెట్టుకోకుండ్రి" అన్నాడు. నోరు కుట్టేయాలనిపించింది నాకు. 

తలుపైతే ఉంది. రంగు లేదు కానీ, లోపలి వైపంతా మందంగా పసుపు, దాని మీద కుంకుమ బొట్లు. అక్షరం ముక్క కనపడదు!

"సేటు రాసిచ్చిన మంత్రమని శుక్రారం శుక్రారం పసుపు పెడుతున్న. రంగులేసెటోణ్ని గూడ ముట్టనియ్యలే" అంది లక్ష్మమ్మ.

"మా నాయిన రాసిండు పెద్దమ్మా. జర తుడువనిస్తవా?"

లక్ష్మమ్మ ఆమె ముఖంలోకి చూసి, తనే పొడి కొంగుతో మెల్లగా తుడిచింది. నీలం అక్షరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. హంసక్క చదివి నాకు తెలుగులో చెప్పింది: "పెట్టె విప్పండి. ఆ పలకలతో వాకిట్లో బల్ల చేయించండి. నేనిక్కడే ఉంటాను, వచ్చేవాళ్లు కూర్చోవాలి కదా." చెబుతూ చెబుతూ గడప మీద కూలబడి ఏడ్చింది, నవ్వింది. "కుమిలిపోలే! మా నాయిన సంతోషంగనే ఉన్నడు!"

"ఇంతకు ఏం మంత్రం బిడ్డా?"

"వచ్చినోళ్లను కూసోమని రాసిండు పెద్దమ్మా."

"అందుకేనా! మా ఇంట్లకొచ్చినోడు ఒక్కడు లేస్తడా!" అంటూ లక్ష్మమ్మ ఇంకో రెండు సోలల బియ్యం కడిగింది.

నాలుగింటికి గానీ లేవనివ్వలేదు. అక్కణ్నుంచి హుజూర్‌నగర్ మీదుగా గంటలో కోదాడ. ఏటా వ్యాపారి వేషం కట్టే హంసక్క తమ్ముడు అక్కడే ఉంటాడు. ఫోన్లో తీసిన ఫోటో రెండుసార్లు చదివి, కళ్లు తుడుచుకుని, "అయితే అక్కా, ఈ ఏడు నేను రైలెక్కను" అన్నాడు.

తిరుగు బస్సులో నా తెలుగు ప్రతిలో రైలు కొట్టేసి బల్ల రాశాను. ఇంత తృప్తిగా ఎప్పుడూ ఏదీ కొట్టేయలేదు. మీరూ అటు వెళ్తే ఒక్క సలహా: తిరుగు టికెట్ ముందే తీసుకోకండి. నాది అయిదింటి బస్సుకు ఉండేది, పోయింది. ఆ తలుపు దాటాక కూర్చోవాల్సిందే, రాసి ఉంది.