ఆయన వేయని చైను

బహదూర్‌పురాలో, బండల మీద ఎగిరించే మా ట్రయల్స్ సైకిళ్లకు చైన్లు వేసే మెకానిక్ ఒకాయన ఉండేవాడు. ఎంత ఖరీదైన చైనైనా, బిగించే ముందు ఒక్కో లింకునూ బొటనవేలితో వంచి చూసేవాడు. పోటీకి ముందు నేను ముచ్చటపడి కొన్న సన్నటి చైనును చూసి, "గిది బండల మీద దుంకితే ఆగదు భాయ్. నేనైతే ఎయ్య" అన్నాడు.

కోపమొచ్చి వేరేచోట వేయించుకున్నాను. పోటీలో బండ మీదికి ఎగరబోతుంటే అది తెగింది. నా మోకాలి చిప్ప పగిలింది. చైను ఎవరు వేశారని తోటివాళ్లు అడిగితే, నా మూర్ఖత్వం ఒప్పుకోలేక ఆయన పేరు చెప్పాను. నెల తిరిగేసరికి ఆయన దగ్గరికి ఒక్క సైకిలూ రాకుండా పోయింది.

కుంటుకుంటూ వెళ్లి క్షమించమన్నాను.

"నేనెయ్యలేదని నాకు ఎర్కనే గదా. నాకెందుకు చెప్తున్నవ్? వాళ్లకు చెప్పు" అన్నాడు.

తప్పకుండా చెబుతానన్నాను. ఇప్పటికీ చెప్పలేదు.