అష్టమినాడు కొలిచిన తూము

అల్లవరం దగ్గర మా పెదనాన్నగారి రొయ్యల చెరువులకు వెళ్ళే గట్టు మడ అడవిని రెండు ముక్కలు చేసింది. ఇటు చిన్న ముక్క, అటు ఏటిదాకా పెద్దది. చిన్న ముక్కలో ఒక బావురుపిల్లి రెండు పిల్లలతో ఉండేది. చేపలు పట్టి తినే ఈ అడవిపిల్లి గట్టు దాటి పెద్ద అడవికి వెళ్ళివచ్చేది. పీతలు గట్టెక్కి చెరువుల్లోకి తెగులు మోసుకొస్తున్నాయని ఆ ఏడు పెదనాన్నగారు గట్టు పొడవునా వల కట్టించబోయారు. కడితే తల్లీపిల్లలు ఆ చిన్న ముక్కలోనే చిక్కుకుపోతాయి.

గట్టు కింద ఒక తూము వేద్దామన్నాను.

"అమావాస్యకి వల కట్టేస్తారురా. ఈలోగా నీ పిల్లికి దారి చూపించుకో" అన్నారాయన.

సివిల్ చదివినవాణ్ణి. నోటుపుస్తకంలో పొడవు, వ్యాసం, వాలు, పోటు వచ్చినప్పటి నీటిమట్టం రాసుకుని, పిల్లి వంగకుండా నడిచేంత సిమెంటు గొట్టం వేయించాను. పౌర్ణమి పోటుకి అది నిండా మునిగింది.

పక్కన పీతలు పట్టుకుంటున్న ఆయన పడీపడీ నవ్వాడు. "ఇంజనీరుగారూ, అది చేపలు తినే పిల్లేగానండి, చేప కాదు కదండీ! కొలిచింది ఏ రోజండీ?"

తేదీ చెప్పాను. వేళ్ళ మీద లెక్కేశాడు.

"అష్టమండి. అష్టమికి పోటుకి ఓపికుండదండి. పున్నానికో అమాసకో చూడాలి."

నా పుస్తకంలో తేదీ ఉంది, గంట ఉంది, నిమిషాలు కూడా ఉన్నాయి. తిథి లేదు.

మడ కొమ్మల మీద పౌర్ణమి నీళ్ళు వదిలిన బురద చార ఆయనే చూపించాడు. గొట్టాన్ని తవ్వితీసి, దాని అడుగుభాగం ఆ చారకి జానెడు పైన ఉండేలా మళ్ళీ వేశాం. "రెండుసార్లు కూలీలా?" అని పెదనాన్నగారు విసుక్కున్నారు గానీ మనుషుల్ని పంపించారు. గొట్టంలో మెత్తటి ఒండ్రు పరిచాను. మూడు రోజులు పీతల కాళ్ళ గీతలే కనిపించాయి.

అమావాస్య ఉదయం వల కట్టేవాళ్ళు వచ్చేసరికి పోటు నిండుగా ఉంది. గొట్టం మాత్రం పొడిగానే ఉంది. వంగి చూశాను. ఒండ్రులో పెద్ద అడుగులు ఒక వరస, వాటిని తొక్కుకుంటూ చిన్నవి బోలెడు, అన్నీ ఏటివైపే.

పెదనాన్నగారు పంచె ఎగ్గట్టి నా పక్కన కూర్చున్నారు. చాలాసేపు చూశారు.

"రెండు పిల్లలూ వెళ్ళేయంటావా?"

"ఆయ్, వెళ్ళేయండి."

ఆయన లేచి పనివాళ్ళ వైపు తిరిగారు. "వల కట్టండి. ఈ గొట్టం నోటికి అడ్డం రాకుండా చూసుకోండి."