తిమ్మక్క భాగం

ఛీ, నాదీ ఒక బతుకేనా! మదనపల్లెలో ఒక వకీలు దగ్గర ఇరవై ఏళ్లు గుమాస్తాగా పనిచేశాను. ఎందరివో కేసు కట్టలు మోశాను. తిమ్మక్క కట్ట మాత్రం ఇప్పటికీ దించుకోలేకున్నాను.

తిమ్మక్క పుంగనూరు ఆడపడుచు. రామసముద్రం పక్క పల్లెకు కోడలుగా వచ్చింది. మొగుడు పోయాక అతని వాటా, మరిది ఎల్లప్ప వాటా కలిపి మూడెకరాలు పొత్తులోనే ఉండిపోయాయి. బావి ఒకటే. ఆమె టమాటా నారు నాటితే చాలు, ఎల్లప్ప మోటారు చెడిపోయేది. నారు మాడిపోయాక అదే బాగయ్యేది. ఎంత నీచుడో చూడండి! ఎవరినీ అడుక్కోకుండా తన ఎకరన్నరలో ఒక్క పంట తీయాలి, ఆమెకు అంతకు మించి ఆశ లేదు.

1996లో మా ఆఫీసు మెట్లెక్కింది. ఇద్దరూ ఒప్పుకుంటే భాగపరిష్కార పత్రం రాసి రిజిస్టరు చేయించుకోవచ్చని, లేదా ఒకరి వాటా ఇంకొకరు కొనుక్కోవచ్చని, రెండూ కుదరకపోతే దావా వేయాలని వకీలు చెప్పాడు. ఎల్లప్పను పిలిపించాం.

“పొత్తులో ఉంటే నీకేం నొప్పి వదినా? నేను సచ్చినాక పంచుకో,” అని పళ్లికిలించాడు.

దావా వేశాం. అయిదేళ్లకు డిక్రీ వచ్చింది, చెరి సగమని. తిమ్మక్క గంపెడు శెనక్కాయలు ఉడకబెట్టి తెచ్చి ఆఫీసంతా పంచింది. నన్ను పక్కకు పిలిచి, “అప్పా, కోర్టోళ్లు కొలిచేదానికి ఎప్పుడొస్తారు?” అంది.

ఎవరూ రారు. అది మొదటి డిక్రీ. ఎవరి వాటా ఎంతో మాత్రమే అందులో ఉంటుంది. ఏ ముక్క ఎవరిదో కొలిచి ఇవ్వాలంటే మళ్లీ అర్జీ పెట్టాలి, అప్పుడు కోర్టు కమిషనరును పంపుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఎల్లప్ప ముందురోజే వచ్చి మా వకీలును ‘చూసుకుని’ వెళ్లాడు. వకీలు నాకు కళ్లతోనే సైగ చేశాడు.

“వస్తార్లేమ్మా,” అన్నాను. నా నోట్లో మన్ను పడ!

నాలుగేళ్లు ఎదురుచూసింది. టమాటా మార్కెట్టుకు కూలికి వచ్చినప్పుడల్లా అడిగేది. నేనూ అదే ముక్క అనేవాణ్ణి. ఈలోగా బావి ఎండిపోయింది. ఎల్లప్ప ఒక మూల బోరు వేసుకున్నాడు. చివరికి కుసుమ అని ఊరికి కొత్తగా వచ్చిన వకీలమ్మ ఆ డిక్రీ కాగితం చదివి, తిమ్మక్క చేత అర్జీ పెట్టించింది. కమిషనరు వచ్చి, నీళ్లు ఒక్క మూలే ఉన్నాయి, సమంగా పంచడం కుదరదని రాశాడు. అదే అదనుగా ఎల్లప్ప, భూమి అమ్మి డబ్బు పంచమని కోర్టును అడిగాడు. వాళ్లిద్దరి మధ్యే వేలం పెట్టారు. కూలి చేసుకునే మనిషి ఎంతని పాడుతుంది? మొత్తం వాడే పాడుకున్నాడు. ఆమెకు సగం డబ్బు తప్ప సెంటు నేల మిగల్లేదు. కోర్టులో గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడుస్తాడని ఊరికే అన్నారా?

ఆ రోజు తిమ్మక్క కోర్టు మెట్ల మీద కూర్చుని ఉంది. మొహం చాటేసి పోబోతే తనే పిలిచింది.

“బాధపడొద్దప్పా. కోర్టోళ్లొస్తే కూసుంటారని దినామూ వాకిట్లో మంచమేసి పెడతా ఉంటి. ఇంకో అర్జీ పెట్టల్లని నీకు మాత్రం యాడ తెలుసు? తెలిసుంటే సెప్పకుండా ఉంటావా?”

“లేదమ్మా, నాకూ తెలీదు,” అన్నాను.